తీసేసిన శబ్దం

ప్రసన్నకుమారికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. తన బిడ్డ పిలిచినప్పుడు తనకు వినపడకపోవడం.

మిగతా భయాలు లేవని కాదు. ఉద్యోగం పోతుందేమోనని ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడికి ఏమన్నా అవుతుందేమోనని ఉంది. అవన్నీ వచ్చి పోయే భయాలు. ఇది మాత్రం కెజియా పుట్టిన రోజు నుంచి గుండెల్లో తిష్ట వేసుకుని కూర్చుంది. రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజుకు ఏడు గంటలు ఊళ్లవాళ్ల మాటలు వినే పనిలో చేరాక మరీ ముదిరింది. పని మధ్యలో ఉన్నట్టుండి హెడ్‌ఫోన్లు తీసి చెవులు రిక్కిస్తుంది. మూడేళ్ల కెజియా ప్రొద్దుటూరులో ఆ చివర, అత్త సుశీలమ్మ దగ్గర ఉంటుంది. అంత దూరం నుంచి పిలుపు వినపడదని ఆమెకూ తెలుసు. అయినా తీసి వింటుంది.

పోయిన వారం ఆమెను ఎక్కడ వదిలామో గుర్తుండే ఉంటుంది. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో కడుపు పండి చదువు ఆపేసిన ప్రసన్న, యూనివర్సిటీ వాళ్లు ప్రొద్దుటూరులో పెట్టిన పరిశోధన కేంద్రంలో టైపు చేసే పనికి కుదిరింది. కడప జిల్లా మనిషి తన మాటలో తను మాట్లాడితే యంత్రానికి అర్థమయ్యేట్టు చేయాలని ఆ పరిశోధన. విద్యార్థులు ఊళ్లు తిరిగి మాటలు రికార్డు చేసుకొస్తారు. ప్రసన్నలాంటి వాళ్లు విని అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తారు. తప్పులు దిద్దేది జమ్మలమడుగు కేంద్రంలో ఫిర్దోస్ అనే ఆమె. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఒకరి ఫోను నంబరు ఒకరికి ఇవ్వకూడదు. ప్రసన్నకు తెలిసిన ఫిర్దోస్ అంటే ఫైలు అంచున ఎర్ర అక్షరాల్లో వచ్చే ఒకే ఒక్క మాట: ‘విన్నది మాత్రమే రాయండి.’

మాట్లాడిన వాళ్లకు పేర్లుండవు, అంకెలుంటాయి. సంతకాలు పెట్టిన కాగితాలు ప్రొఫెసర్ ఆదినారాయణ గదిలో బీరువాలో ఉంటాయి. నూట పదిహేడో నంబరు ఒక ఆడమనిషి. పడుచు గొంతు. ఇచ్చిన వాక్యాలన్నీ బడిపిల్ల మాదిరి చదివింది. విద్యార్థి “చాలక్కా, అయిపోయింది” అన్నాడు గానీ రికార్డింగు ఆపలేదు. ఫోను చార్జింగుకు పెట్టి ఇంటాయన వెంట బయటికి పోయాడు. తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత ఆరు నిమిషాలు ఆమె ఫోనుతోనే మాట్లాడింది.

“ఎర్రగా ఎలుగుతాంది అంటే ఇంటాంది గదా. అన్నా, అక్కా, మీరెవరో నాకు తెల్దు. బయట గొలుసేసి పోయినాడు మా మామ. బిడ్డ పాలు పట్టక మూడు దినాలాయ. ఒళ్లు పెనం మాదిరి కాలతాంది. ఈ ఫోను కోసం మళ్లా వస్తారు గదా. తీసుకొని పోయి ఇనుకోండి. ఇనుకొని రాండి.”

వాళ్లు ఫోను కోసం వచ్చారు, తీసుకుని పోయారు. వినలేదు. ఆ ఫైలు వరసలో పడి ప్రసన్న ముందుకు వచ్చేసరికి పంతొమ్మిది రోజులు గడిచాయి. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం పెట్టిన నంబరుకు ఆమె ఫోను చేస్తే, పేరు చెప్పమ్మా, ఊరు చెప్పమ్మా అని అడిగారు. ఆమె దగ్గర ఒక అంకె తప్ప ఏమీ లేదు. ఎవరికి చెప్పాలో తెలియక తలపట్టుకుని కూర్చున్నప్పుడే పిలుపొచ్చింది. ఎం.టెక్ క్లాసులో ప్రొఫెసర్‌గారు పాఠం చెప్తున్నారు, నూట పదిహేడో ఫైలు టైపు చేసిన అమ్మాయిని రమ్మన్నారు.

*

క్లాసులో ముప్పైమంది ఉన్నారు. ప్రసన్న చివరి బెంచీలో ఒక అంచున కూర్చుంది. ఆగకుండా చదివి ఉంటే తనూ ఇట్లాంటి బెంచీల్లో కూర్చుని ఉండేదాన్నని అనుకుంటూ, పుస్తకం లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

ఆదినారాయణకు పాఠం చెప్పడం వచ్చు. పులివెందుల పక్క పల్లెలో వేరుశనగ పండించే ఇంటి నుంచి వచ్చిన మనిషి. వాళ్ల ఇంటిపేరుకు డాక్టరేటు తగిలించిన మొదటివాడు. ఎంత కష్టమైన లెక్కయినా ఇంట్లో మాట్లాడుకున్నట్టు చెప్తాడు. అందుకే పిల్లలకు ఇష్టం.

“మీ అమ్మ తిడతాంటే మీరు ఏం చేస్తారప్పా? టీవీ సౌండు పెంచుతారు. శబ్దం పెంచి మాట మింగేస్తారు. ఈ దినం మనం చేసేది దానికి ఉల్టా. మాట నిలబెట్టి శబ్దాన్ని మింగుతాం.”

పిల్లలు నవ్వారు. తెర మీద నూట పదిహేడో ఫైలు శబ్దం రంగు రంగుల పటంగా పడింది. పక్కనే ప్రసన్న టైపు చేసిన మాటలు. ఒకటిన్నర నిమిషం ముక్క వినిపించాడు. ప్రసన్నకు అది కంఠతా వచ్చు. ఆమె మాట వెనక బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపులో బలం లేదు, గీరుకుపోయిన గొంతు, మధ్య మధ్య ఆగిపోతోంది. రేకు మీద ఏదో టకటకమంటోంది. మాట అడుగున ఇంకేదో మోగుతోంది.

“ఇప్పుడు చూడండి” అని ఆదినారాయణ ఒక మీట నొక్కాడు.

అదే గొంతు మళ్లీ వచ్చింది. చుట్టూ ఏమీ లేదు. కడిగిపెట్టిన స్టీలు గిన్నెలా ఉంది. “ఒళ్లు పెనం మాదిరి కాలతాంది” అంటోంది ఆమె, ఎవరి ఒళ్లో తెలియడం లేదు. బిడ్డ లేదు.

“స్టూడియోలో తీసినట్టుంది సార్” అన్నాడు ముందు బెంచీ పిల్లాడు. రెండు మూడు చప్పట్లు పడ్డాయి.

కిటికీ పక్కన కూర్చున్న హబీబుల్లా అనే విద్యార్థి చెయ్యి ఎత్తాడు. “సార్, తీసేసింది యాడికి పోతాది?”

అందరూ నవ్వారు. “చెత్తబుట్టలోకి” అన్నారెవరో.

ఆదినారాయణ మాత్రం సంబరపడ్డాడు. “నవ్వాకండి. ఈ దినం అడిగిన మంచి ప్రశ్న ఇదే. యాడికీ పోదు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందంతా ఇదిగో, ఈడనే ఉంటాది.” ఇంకో మీట నొక్కాడు.

ఈసారి మాట లేదు. మాట తీసేసిన మిగులు మాత్రం గది నిండా పరుచుకుంది. మొదట బిడ్డ. ఇంతసేపూ తల్లి మాట చాటున నక్కి ఉన్న ఏడుపు ఇప్పుడు ఒక్కటే నిలబడింది. తర్వాత రేకు మీద గొలుసు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ పైన గంట. ఒకటి, రెండు, మూడు. ఆగింది. మళ్లీ ఒక్కటి. ఆ మోతకు గంటకుండాల్సిన గుండ్రదనం లేదు. చివర జీరపోయి, బీట పడిన కుండను తట్టినట్టు జరజరమని ఈడ్చుకుంటోంది.

ప్రసన్న తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

ఆ గంట ఆమెకు తెలుసు. అత్తగారు పుట్టిన ఊరు గండికోట జలాశయం నీళ్ల కింద పడినప్పుడు, మిషనరీల కాలం నాటి చర్చి గంటను ట్రాక్టరు మీద వేసుకుని కొండాపురం దగ్గర పునరావాస కాలనీకి తెచ్చుకున్నారు. దారిలో గుంటలో పడి దాని పెదవి చీలింది. కొత్తది కొనమని ఎవరెంత చెప్పినా పెద్దలు ఒప్పుకోలేదు. ఇనుప కడ్డీతో మూడు దెబ్బలు తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరిట, కొంచెం ఆగి ఒక దెబ్బ మునిగిపోయిన ఊరి పేరిట. జిల్లా మొత్తం మీద అట్లా మోగే గంట ఇంకోటి లేదు. బుధవారం మూడింటికి ఆడవాళ్ల ప్రార్థనకు మోగిస్తారు. రికార్డు చేసింది బుధవారమని ఫైలు మీద ఉంది.

“సార్, ఇంకోసారి వేయండి.”

టైపు చేసే అమ్మాయికి పాఠం మీద ఆసక్తి పుట్టిందనుకుని ఆదినారాయణ మళ్లీ వేశాడు. ప్రసన్న కళ్లు మూసుకుంది. గంట దగ్గరగా ఉంది. మోగిన ప్రతిసారీ రేకు కూడా అదురుతోంది. చర్చి గోడను ఆనుకుని రేకుల గది ఉన్న ఇల్లు ఆ కాలనీలో ఒక్కటే. గంట కొట్టేది ఆ ఇంటాయనే. సంఘ పెద్ద పాల్ రాజు. అత్తకు సొంత తమ్ముడు.

గుడ్ ఫ్రైడేకు ఆ ఇంట్లో ప్రసన్న భోంచేసింది. వెనక రేకుల గది తలుపుకు గొలుసు వేలాడుతుంటే చూసింది. లోపల పసిబిడ్డ ఏడ్చినట్టయి, “ఎవరు పిన్నమ్మా?” అని అడిగింది. పాల్ రాజు భార్య విస్తరిలో ఇంకొంచెం కూర వేసి, “పక్కింటోళ్ల బిడ్డమ్మా, తిను” అంది. ప్రసన్న తిన్నది.

“చూసినారా” అంటున్నాడు ఆదినారాయణ క్లాసుతో, “ఇంత చెత్త ఉన్నింది ఆ గొంతు మీద.”

“సార్.” ప్రసన్న ఇంకా నిలబడే ఉంది. “ఆ బిడ్డ ఉందో పోయిందో మీకు తెలుసా?”

“ఏ బిడ్డ?”

“మీరు తీసేసిన బిడ్డ.”

ఆదినారాయణ తెర వైపు చూశాడు. ప్రసన్న టైపు చేసిన వరసలో, ఏడుపు వచ్చిన ప్రతిచోటా, గొలుసు కదిలిన ప్రతిచోటా, గంట మోగిన ప్రతిచోటా ఒకటే మాట ఉంది. ‘శబ్దం’. నియమాల పుస్తకంలో తొమ్మిదో పేజీ అదే చెప్తుంది. పసిపిల్లల ఏడుపు, పశువులు, బండ్లు, గంటలు, అన్నిటికీ ‘శబ్దం’ అని మాత్రమే రాయాలి.

“శబ్దం అని రాసింది నువ్వే కదమ్మా” అన్నాడు ఆయన. ఎత్తిపొడవాలని కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు. అందుకే అది ఆమెకు సూటిగా తగిలింది.

*

క్లాసు అక్కడితో వదిలేశారు. కేంద్రంలోకి పోయేవాళ్లు గేటు దగ్గర పెట్టెలో ఫోన్లు పెట్టి పోవాలి. ప్రసన్న తన ఫోను తీసుకుని వేపచెట్టు కిందికి పోయింది. ఏ పని చేయాలన్నా ముందు అత్తకు చెప్పి చేయడం ఆ ఇంట్లో అలవాటు. పాల డబ్బా మార్చాలన్నా, పుట్టింటికి పోవాలన్నా, తలనొప్పికి మాత్ర వేసుకోవాలన్నా. ఆ అలవాటే వేళ్లను నడిపించింది.

“యాలమే, ఇప్పుడు చేసినావు?” అంది సుశీలమ్మ. “బువ్వ తిన్యావా?”

“కెజియా ఏం చేస్తాంది అత్తా?”

“సుద్దముక్క తీసుకొని గోడంతా గీతలు గీస్తాంది. ఏమన్నా అంటే నేను కాలేజీకి పోతాండా అంటాది. నీ పోలికే.”

వెనక కెజియా ఏదో పాట పాడుకుంటోంది. ప్రసన్న ఒక్క క్షణం ఆ పాటే వింది. తర్వాత అడిగింది.

“అత్తా, పాల్ రాజు చిన్నాయన కోడలు పుట్టింటికి పోయిందన్నారు గదా. ఎప్పుడు పోయింది?”



పాల్ రాజు కొడుకు పోయిన ఏడాది బండి మీద నుంచి పడి చనిపోయాడు. చక్రాయపేట పక్క భూములున్న వాళ్ల పిల్లను ఇష్టపడి చేసుకున్నాడని, ఆ పిల్లకు ఆమె పుట్టింటివాళ్లు నీళ్లు వదిలేశారని అప్పట్లో చెప్పుకున్నారు. సమాధి దగ్గర ప్రసన్న ఆమెను ఒక్కసారి చూసింది. ఐదో నెల కడుపుతో, ఎవరూ చెయ్యి పట్టుకోక, ఒక్కతే నిలబడి ఉంది. వరసకు మరదలు అవుతుంది. ప్రసన్న వందనం పెట్టింది, ఆమె తలూపింది. గొంతు వినలేదు. విని ఉంటే నూట పదిహేడు ఎవరో మొదటి రోజే తెలిసేది.

“అదంతా నీకిప్పుడు యాలమే?” అంది సుశీలమ్మ.

“పోయిందా, పోలేదా అత్తా?”

“సుకన్యకు మతి నిలకడగా ల్యా. రెండుసార్లు బిడ్డనెత్తుకొని నీళ్ల దిక్కు పోయింది. వాళ్లోళ్లు రానియ్యరు, మనోళ్లు యాడికని పంపిస్తారు? మా వాని బిడ్డ అది. కండ్ల ముందర ఉంటాదని తలుపేసి పెట్టినారు. కాపాడుకుంటాండారు, సంపుకుంటాండారా?”

“బిడ్డకు జ్వరమొస్తే?”

“జరమని నీకెవరు చెప్పినారు?”

వెనక కెజియా పాట ఆగింది. “నాయనమ్మా, అమ్మనా?” అని అడగడం వినపడింది.

“అంటే నీకు తెలుసు” అంది ప్రసన్న. “ఇప్పుడెట్లుంది అత్తా ఆ బిడ్డ?”

“సంఘమంతా ప్రార్థన చేస్తాండారు.”

“ప్రార్థన సంగతి అడగల్యా. బిడ్డ ఎట్లుంది?”

“నువ్వు పోయి బువ్వ తిను” అని సుశీలమ్మ ఫోను పెట్టేసింది.

పెట్టేశాక గానీ ప్రసన్నకు తట్టలేదు, ఎంత తప్పు చేసిందో. మళ్లీ చేసింది. వేరే ఫోనులో మాట్లాడుతున్నారని వచ్చింది. రెండు నిమిషాలు ఆగి చేసింది. అదే. ఐదు నిమిషాలు ఆగి చేసింది. అదే. అత్త ఎవరితో మాట్లాడుతోందో చెప్పేవాళ్లు అక్కర్లేదు. చీకటి పడే లోపల ఆ రేకుల గది ఖాళీ అవుతుంది. తల్లినీ బిడ్డనూ ఏ చుట్టాల ఇంటికో, ఇంకే గొలుసు వెనక్కో మారుస్తారు. అప్పుడు పేరు తెలిసి కూడా లాభం ఉండదు.

మొగుడికి చేసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలో ఉన్న ఆ ఫోను ఆరింటి దాకా ఎత్తేవాళ్లు ఉండరు. ఆపద నంబరుకు చేసింది. ఈసారి ఊరు చెప్పింది, పేరు చెప్పింది, ఇంటి గుర్తు చెప్పింది. వాళ్లు ఓపికగా రాసుకున్నారు. స్టేషన్‌కు చెప్తాం తల్లీ, మనిషి అక్కడికి చేరేసరికి పొద్దు గుంకొచ్చు అన్నారు. తనే బస్సు పట్టుకుందామంటే ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయి, అక్కడ ఇంకో బస్సు మారి కాలనీ చేరేసరికి అదే పొద్దు.

జమ్మలమడుగు. అక్కడ కూర్చున్న వాళ్లకైతే ముప్పావు గంట దారి.

*

“కూర్చోమ్మా” అన్నాడు ఆదినారాయణ.

ఆమె కూర్చోలేదు. గదిలో ఆయన, ఆయన కింద పరిశోధన చేసే భార్గవి ఉన్నారు. ఆయన వెనక ఆ బీరువా ఉంది.

“జమ్మలమడుగు కేంద్రానికి ఒక్క ఫోను చేయండి సార్. ఆడ ఎవరినన్నా ఆ ఇంటికి పంపించండి. పేరు నేను చెప్తా, మీరు బీరువా తెరిచే పని కూడా లేదు.”

“పేరు నాకు చెప్పాకు.” ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “నేను మాట వినలేదమ్మా. నమ్ముతావో నమ్మవో. ముప్పై ఏండ్లుగా నాకదే అలవాటు. తెర మీద శబ్దం అల చూస్తా, మాట వినను.”

“మేడం విన్నారు” అంది ప్రసన్న.

భార్గవి తల ఎత్తలేదు. ప్రతి ఫైలుకూ ఒక చీటీ ఉంటుంది, దాన్ని నింపేది ఆమె. నూట పదిహేడో చీటీ మీద ఇట్లా ఉంది: భావం, దుఃఖం. నాణ్యత, ఐదుకు ఐదు.

“విన్నా” అంది భార్గవి మెల్లగా. “మీకు బాధ కలిగిన సంగతి ఒకటి చెప్పండి అని మన ప్రశ్నల్లో ఉంది కదా. ఆమె అది చెప్తాందనుకున్నా. ఎంత బాగా చెప్తాంది అనుకున్నా.”

 

“చూడమ్మా” అన్నాడు ఆదినారాయణ. గొంతు తగ్గింది. “పన్నెండేండ్ల కింద వీరపునాయునిపల్లె పక్క ఒక ఊళ్లో ఒకామె రికార్డింగులో మొగుణ్ని తిట్టింది. మా పిల్లలు హాస్టల్లో పెట్టుకొని నవ్వుకున్నారు. అది ఆ చెయ్యీ ఈ చెయ్యీ మారి వాని చెవినపడింది. ఆమె చెయ్యి ఇరగ్గొట్టినాడు వాడు. ఆ చెయ్యి నేను ఆసుపత్రిలో చూసినా. ఆ దినం రాసుకున్న నియమం ఇది. మాట్లాడింది ఎవరని కనుక్కోకూడదు, వెతకకూడదు, వాళ్లింటికి పోకూడదు. ఈ దినం నేను ఆ నియమం తప్పితే ‘యూనివర్సిటీ వాళ్లు చెప్పినారంట’ అని రేపు జిల్లా అంతా అంటారు. ఇంగ ఏ ఊళ్లో ఏ ఆడమనిషి మా ముందర నోరు తెరుస్తాది?”

“ఈమె తెరిచింది గదా సార్. తెరిచి పంతొమ్మిది దినాలైంది.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. అందుకే ప్రసన్నకు ఇంకా కసిగా ఉంది. చెడ్డవాడైతే తిట్టి పోయేది.

“వచ్చే సోమవారం కమిటీ ఉంది. అంతా కాగితం మీద రాసియ్యి, నేనే ముందర పెడతా. శుక్రవారం పులివెందులలో సమీక్షకు ఈ ముక్క చూపిద్దామనుకున్నా, అది తీసేస్తా. నేను చేయగలిగింది అది.”

“అది కూడా తీసేస్తారు” అంది ప్రసన్న.

ఆయన ముఖం ఎర్రబడింది. “నువ్వు సంతకం పెట్టినావు. ఆ మాటలు గేటు దాటకూడదని రాసిన కాగితం మీద పెట్టినావు. దాటించినావా లేదా?”

“దాటించినా.”

“ఐదింటికి నీ లాగిన్ ఆపమని చెప్తా. కోపంతో కాదు. నియమం.”

“మా మాట యంత్రానికి అర్థమయ్యేట్టు చేస్తాండారు సార్ మీరు” అంది ఆమె. “మనిషికి అర్థమైతే మాత్రం కమిటీ కావల్ల.”

తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. రెండో ఏడాదిలో చదువు ఆపినప్పుడు కూడా ఇట్లాగే ఒక పెద్దమనిషి గదిలోంచి వచ్చింది. ఆ రోజు ఏడ్చింది. ఈ రోజు ఏడవడానికి టైము లేదు.

వెనక అడుగుల చప్పుడు వినపడింది. భార్గవి. ప్రసన్న కుర్చీ దగ్గరకు వచ్చి, ఆమె వైపు చూడకుండా కంప్యూటరు మీదికి వంగి, మూసిపెట్టిన నూట పదిహేడో ఫైలును మళ్లీ తెరిచింది.

“నాలుగూ నలభై ఎనిమిది” అంది. “దిద్దేవాళ్లకు నువ్వు పంపితే నేరుగా పోతుంది. మధ్యలో మేం చూడం.” అని తన చేతి గడియారాన్ని ఇంకోసారి చూసుకుని, తలుపు దగ్గరగా వేసి పోయింది.

తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ‘జమ్మలమడుగు: ఫిర్దోస్’ అని ఉంది. పక్కన పచ్చ చుక్క. ఆమె ఇంకా కుర్చీలో ఉంది.

ప్రసన్న హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. అవసరం లేదు. ముందు ‘శబ్దం’ అన్న మాటలన్నీ చెరిపేసింది. ఒక్కొక్క చోటా దాని పేరు దానికి రాసింది. బిడ్డ ఏడుపు. గొలుసు. బిడ్డ ఏడుపు. గంట, మూడు, ఆగి ఒకటి. బిడ్డ ఏడుపు. బిడ్డ ఏడుపు ఆగింది. తర్వాత అన్నిటికంటే కింద, ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయని ఖాళీ గడిలో, గడియారం వైపు చూడకుండా టైపు చేయడం మొదలుపెట్టింది.

‘ఫిర్దోస్ అక్కా, నేను ప్రొద్దుటూరు ఆరో నంబరు టైపిస్టును. మీ ఎర్ర అక్షరాలు ఎక్కువ పడేది నా ఫైళ్ల మీదే. విన్నది మాత్రమే రాయమంటారు మీరు. ఇది విన్నదే.

నూట పదిహేడు పేరు సుకన్య. కొండాపురం దగ్గర కాలనీలో, చర్చి గోడను ఆనుకొని ఉన్న ఇల్లు, వెనక రేకుల గది. ఇంటాయన పేరు పాల్ రాజు, మర్యాదగా మాట్లాడతాడు, ఎవరూ లేరని చెప్తాడు. నమ్మవద్దు. నేను కూడా ఆ ఇంట్లో కూర్చొని నమ్మినాను. పొద్దు గుంకేలోపల వాళ్లను మార్చేస్తారు, అది నా వల్లనే. పోలీసులకు చెప్పినాను, వాళ్లు వచ్చేలోపల ఎవరో ఒకరు ఆడ నిలబడల్ల. మీకు ముప్పావు గంట దారి. ఒక్కరే పోవద్దు, ఎవరినన్నా తోడు తీసుకొని పోండి.

బిడ్డ ఏడుపు వినపడితే తలుపు తట్టి చూడండి. ఏడుపు వినపడకపోతే తట్టుకుంటా నిలబడాకండి అక్కా, గొలుసు తీసి లోపలికి పోయి చూడండి.’